చిలికాలో ఏ రేవు ఎక్కాలో ఉప్పును బట్టి తెలుస్తుంది

ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి బయల్దేరినా, గంజాం జిల్లాలో స్థిరపడ్డ బరంపురం తెలుగు కుటుంబాలు బయల్దేరినా, ఒడిశాలోని చిలికా సరస్సు అనగానే ఎక్కువమంది దిగేది రంభలోనో, బాలుగావ్ పక్కనున్న బర్కుల్‌లోనో. రెండూ హైవేను ఆనుకునే ఉన్నాయి. రైలు దగ్గర్లోనే ఆగుతుంది, ఒడిశా పర్యాటక సంస్థ వారి పంథనివాస్‌లో గది దొరుకుతుంది. రేవులోకి వెళ్లగానే అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: డాల్ఫిన్లు కనిపిస్తాయా? బేరం కుదరాలి కాబట్టి "చూద్దాం" అనే జవాబు వస్తుంది. మూడు గంటలు నీళ్ల మీద తిరిగి, నాలుగు నీటికాకుల్ని చూసి, పిల్లల మొహాలు వాడిపోయి ఒడ్డుకొస్తారు. ఆ సమయంలో డాల్ఫిన్లు రంభకు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, సరస్సుకు తూర్పున సముద్రం వైపున్న సాతపడా దగ్గర తమకు నప్పిన నీళ్లలో మేస్తూ ఉంటాయి.

చిలికాను ఒకే సరస్సు అనుకోవడంతోనే ఈ చిక్కంతా మొదలవుతుంది. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 దాటి పరుచుకునే ఈ నీటిలో నాలుగు రకాల నీళ్లున్నాయి. ఉత్తరాన దయా, భార్గవి లాంటి మహానది పాయలు మంచినీళ్లనూ ఒండ్రునూ తెచ్చి పోస్తాయి. అక్కడ లోతు తక్కువ, రెల్లు ఎక్కువ. వానాకాలంలో ఆ నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. మధ్య భాగం వెడల్పైన ఉప్పు-తీపి కలగలుపు. తూర్పున సముద్రానికి సమాంతరంగా సాగే పొడవాటి ఉప్పుటేరు ఉంది, దాన్నే బయటి కాలువ అంటారు. వేసవిలో అక్కడి ఉప్పదనం సముద్రానికి సాటిగా ఉంటుంది. దక్షిణాన, అంటే గంజాం జిల్లా వైపు, కొండల మధ్య లోతుగా ఉన్న రంభ అఖాతం. పాలూరు కాలువ ఈ కొసను ఋషికుల్య నది ముఖంతో కలుపుతుంది. పెద్ద నదులు ఇటు పడవు కాబట్టి ఇక్కడ ఉప్పు ఏడాది పొడవునా మిగతా చోట్లంత మారదు.

ఏ జంతువు ఎక్కడ ఉంటుందో ఈ ఉప్పూ లోతూ కలిసే తేలుస్తాయి. టూరు వేసుకునేటప్పుడు రేవు ఎంత దగ్గర అన్నది రెండో ప్రశ్న. ఏం చూడాలని వెళ్తున్నాం, అది ఏ నీళ్లలో ఉంటుంది అన్నవి ముందు తేల్చుకోవాలి.

చిలికాకు ఉప్పు ఎంత ముఖ్యమో 1990ల్లో జరిగినది చూస్తే అర్థమవుతుంది. తీరం వెంట ఇసుక ఏటా పెద్దఎత్తున ఉత్తరానికి జరుగుతుంటుంది. దానివల్ల సముద్ర ముఖద్వారం అంతకంతకూ దూరం జరిగి పూడుకుపోయింది. ఉప్పునీరు లోపలికి రావడం తగ్గింది. తీపినీటి కలుపు మొక్కలు సరస్సంతా అల్లుకున్నాయి, చేపల పట్టుబడి పడిపోయింది. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన చిలికాను 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. 2000 సెప్టెంబరు 23న చిలికా అభివృద్ధి సంస్థ సిపకుద దగ్గర ఇసుక తిన్నెను తవ్వి కొత్త ముఖద్వారం తెరిచింది. సముద్రానికి నీళ్లు చేరే దారి 18 కిలోమీటర్ల మేర తగ్గింది. ఉప్పు తిరిగొచ్చింది, చేపలు తిరిగొచ్చాయి, 2002లో చిలికా పేరు ఆ ప్రమాద పట్టిక నుంచి తొలగింది. ఈ రోజు సాతపడాలో పడవ ఎక్కి డాల్ఫిన్‌ను చూసేవాళ్లు చూస్తున్నది ఆ తవ్వకం ఫలితాన్నే. ముఖద్వారం స్థిరంగా ఉండదు. 2019లో ఫణి తుపాను తీరాన్ని కోసి కొత్త గండ్లు పెట్టింది. అందుకే పాత మ్యాపు చూసి "సముద్ర ముఖం దాకా తీసుకెళ్లు" అని పడవవాడితో వాదించడం అనవసరం. ఆ ఏడాది దారి ఎటు ఉందో అతనికే తెలుస్తుంది.

ఇక డాల్ఫిన్ల సంగతి. చిలికాలో ఉండేది ఇరావడీ డాల్ఫిన్. టీవీలో చూసినట్టు గాలిలోకి ఎగిరి పల్టీలు కొట్టే జాతి కాదిది. ముక్కు పొడుచుకొచ్చి ఉండదు. తల గుండ్రం, ఒళ్లు బూడిద రంగు, వెన్ను మీద చిన్న రెక్క. పెద్దది రెండు మీటర్లకు పైగా పెరుగుతుంది. మొత్తం చిలికాలో ఉన్నవి 150 ప్రాంతంలోనే. ప్రపంచంలోనే అంతరించే ముప్పున్న జాతుల్లో ఇదొకటి, మన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో దీనికి చోటుంది. బయటి కాలువలోని లోతైన ఇరుకు దారులంటే వీటికి ఇష్టం. సాధారణంగా రెండు నుంచి ఆరు కలిసి తిరుగుతాయి.

దీన్ని చూడటానికి కంటికన్నా చెవి ముందు పనిచేస్తుంది. ఇంజిన్ ఆపేసి పడవను నీటి మీద వదిలేస్తే, ఎక్కడో పక్కన "ఫుస్" మని ఊపిరి వదిలిన చప్పుడు వినిపిస్తుంది. అటు తిరిగేసరికి నెత్తి మునిగిపోయి వీపు వంపు కనిపిస్తుంది, దాని వెంట చిన్న రెక్క జారిపోతుంది. మొత్తం రెండు మూడు క్షణాల పని. మళ్లీ తేలడానికి అర నిమిషం పట్టవచ్చు, రెండు మూడు నిమిషాలూ పట్టవచ్చు. మంచి గైడు మొదటిసారి చూడగానే పరుగెత్తడు. అక్కడే ఆగి, అవి రెండు మూడుసార్లు తేలేదాకా చూసి, ఎటు కదులుతున్నాయో లెక్కగడతాడు. తర్వాత పక్కవాటుగా, అవి వెళ్లే దిక్కుకు సమాంతరంగా, ఇంజిన్ అతి నెమ్మదిగా తిప్పుతూ కదులుతాడు. కనీసం 50 మీటర్లు ఎడం ఉంచుతాడు. ఎదురుగా వెళ్లి దారికి అడ్డం పడడు, గుంపు మధ్యలోకి పడవను పోనివ్వడు.

సాతపడాలో తిరిగే పడవలు చాలావరకు పొడవాటి ఇరుసు చివర ఫ్యాను బిగించిన డీజిల్ ఇంజిన్‌వి. లోతు తక్కువ నీళ్లకు అది అనువైన ఏర్పాటే. ఫ్యానును నీటి పైకెత్తవచ్చు, బురద తగిలితే తప్పించవచ్చు. అదే ఫ్యాను ఊపిరికి పైకొస్తున్న డాల్ఫిన్ వీపుకు తగిలితే లోతైన గాటు పడుతుంది. తగలకపోయినా దాని మోత తక్కువేం కాదు. బురద నీటిలో డాల్ఫిన్ దారినీ చేపనూ కనుక్కునేది తాను పంపిన శబ్దం తిరిగొచ్చే తీరును బట్టే. ఇరుకు కాలువలో ఐదారు పడవలు రెండు వైపుల నుంచీ గుంపును చుట్టుముడితే అవి మేత వదిలేస్తాయి, ఊపిరికి పైకి రావడం తగ్గించి నీటి అడుగునే ఎక్కువసేపు ఉంటాయి. అంటే దగ్గరికి తరిమిన పడవకు కనిపించేది తక్కువ. దూరంగా ఆగి ఇంజిన్ ఆపిన పడవ పక్కకే అవి తమంతట తాము వచ్చిన సందర్భాలు అక్కడి గైడ్లకు బాగా తెలుసు. అయినా తరమడం ఎందుకు జరుగుతుందంటే, కూర్చున్నవాళ్లు "ఇంకా దగ్గరికి పోనీ" అంటారు, అదనంగా చేతిలో ఏదైనా పెడతామంటారు. ఈ అలవాటు మారాల్సింది ముందు ప్రయాణికుల్లోనే. సాతపడా వైపు తెలుగు అర్థమయ్యేవాళ్లు తక్కువ కాబట్టి రెండు ఒడియా మాటలు నేర్చుకుని వెళ్తే మంచిది: "ఇంజిన్ బంద కరంతు" అంటే ఇంజిన్ ఆపండి, "దూరరు దేఖిబా" అంటే దూరం నుంచి చూద్దాం. ఈ మాట ప్రయాణికుల నోట వింటే ఎక్కువమంది పడవవాళ్లు సంతోషంగానే ఆపుతారు, డీజిల్ కూడా మిగులుతుంది.

డాల్ఫిన్ కనిపించిన క్షణమే పడవకు అతి ప్రమాదకరమైన క్షణం కూడా. "అదిగో" అని ఒకరు అరవగానే పదిమందీ లేచి ఒక పక్కకు ఒరుగుతారు. ఈ పడవలు వెడల్పు తక్కువ, పైన ఎండకు కప్పు ఉంటుంది, మనుషులు నిలబడితే బరువంతా పైకి చేరుతుంది. ఒక పక్క అంచు నీటిని తాకితే సర్దుకునే వ్యవధి ఉండదు. ఎక్కేముందే ఒప్పందం చేసుకోవాలి: ఎవరూ లేవకూడదు, ఎవరి పక్క వాళ్లే చూడాలి, అవతలి పక్కవాళ్లకు కనిపించేలా పడవవాడు పడవను తిప్పుతాడు.

సాతపడా టూరులో మరో మజిలీ ఉంటుంది, సముద్రం వైపు ఇసుక దిబ్బ. ఎర్ర పీతలు చూపిస్తామంటారు. పీతలు నిజంగా ఉంటాయి, కాళ్ల చప్పుడు తగలగానే బొరియల్లోకి పోతాయి. కదలకుండా ఐదు నిమిషాలు కూర్చుంటే ఒక్కొక్కటే బయటికొస్తాయి. వాటిని పట్టి గిన్నెలో వేసి చూపించేవాళ్లను ప్రోత్సహించకూడదు. అక్కడే ఆల్చిప్పలు కళ్లెదుటే పగలగొట్టి "ముత్యం" తీసి అమ్మేవాళ్లూ ఎదురవుతారు. అది ముందే చిప్పలో పెట్టిన పూస. కొనాల్సిన పనిలేదు.

రంభ, బరంపురం నుంచి సాతపడా చేరడం ఎలా అన్నది అసలు చిక్కు. భువనేశ్వర్, పూరీ చుట్టూ తిరిగితే 200 కిలోమీటర్లు దాటుతుంది. పూరీ నుంచి సాతపడా సుమారు 50 కిలోమీటర్లు. గంజాం వైపువాళ్లకు దగ్గర దారి పాలూరు, మాలుడ మీదుగా కృష్ణప్రసాద్ వెళ్లి, జహ్నికుద దగ్గర వాహనాలను కూడా ఎక్కించుకునే ఫెర్రీలో అవతలికి దాటడం. ఫెర్రీ వేళలు ముందుగా కనుక్కోకపోతే గట్టున గంటలు గడిచిపోతాయి. గాలి ఎక్కువైనా, తుపాను హెచ్చరిక ఉన్నా ఫెర్రీ నడవదు. బర్కుల్ నుంచి పడవలోనే సరస్సు అడ్డంగా దాటి వెళ్లవచ్చు కానీ రానూపోనూ రోజంతా పడుతుంది, చిన్నపిల్లలతో అది మంచి ఆలోచన కాదు.

పక్షుల కోసమైతే సాతపడా అక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్య, ఉత్తర భాగాల్లో పక్షులు దిగుతాయి. డిసెంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా బాగా నిండుగా ఉంటాయి. ఇటీవలి జనవరి లెక్కల్లో మొత్తం 11 లక్షలు దాటుతోంది. సూదితోక బాతులు, గడ్వాల్ బాతులు అందులో ఎక్కువ. మధ్య భాగంలోని నలబణ దీవి 15.53 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. వానాకాలంలో అది పూర్తిగా మునిగిపోతుంది, చలికాలానికి నీళ్లు తగ్గుతుంటే బురద నేల తేలుతుంది. ఆ కొత్త బురదలోని పురుగులూ గడ్డి దుంపలే వచ్చిన పక్షులకు మేత. బర్కుల్ నుంచి అటు వెళ్లే పడవలు అటవీశాఖ అనుమతించిన మేరకే, అంచు దాకానే వెళ్లాలి. దీవి మీద దిగడానికి వీల్లేదు. దింపుతానన్న పడవ ఎక్కకపోవడమే మంచిది.

నిజంగా పక్షుల్ని దగ్గరగా చూడాలంటే ఖుర్దా జిల్లాలోని మంగళజోడి. బాలుగావ్ దాటాక టాంగి దగ్గర హైవే దిగాలి. ఒకప్పుడు ఆ ఊళ్లో చాలామందికి పక్షుల వేటే జీవనాధారం. ఆ వేటగాళ్లే తుపాకులు, ఉచ్చులు వదిలేసి 2000 ప్రాంతంలో పక్షుల రక్షణ సమితిగా ఏర్పడ్డారు. ఇప్పుడు వాళ్లే గైడ్లు. ఏ పిట్ట ఏ గుబురులో గూడు పెడుతుందో, ఏ గాలికి ఎటు లేస్తుందో వేట కోసం నేర్చుకున్న చదువంతా ఇప్పుడు చూపించడానికి పనికొస్తోంది. ఇక్కడి పడవలకు ఇంజిన్ లేదు. వెనక ఒకరు గడ వేస్తారు, ముందు గైడు కూర్చుంటాడు, మధ్యలో నలుగురైదుగురు. బైనాక్యులర్లూ పక్షుల బొమ్మల పుస్తకమూ పడవలోనే ఇస్తారు. రెల్లు మధ్య కాలువలు మోకాలి లోతు. తామరకోళ్లు, నీలికోళ్లు, నత్తగుల్ల కొంగలు, నల్లతోక గాడ్‌విట్లు పదిపదిహేను మీటర్ల దూరంలో మేస్తూ ఉంటాయి.

ఇక్కడ పడవ ఎప్పుడు ఆగాలో పక్షే చెబుతుంది. బురదలో ముక్కు పెట్టి మేస్తున్న గుంపు వైపు పడవ జరుగుతుంటే మొదట ఒకటి రెండు తలెత్తుతాయి. మిగతావి మేస్తూనే ఉంటాయి. ఇంకొంచెం జరిగితే సగం తలలు లేస్తాయి. అప్పుడే గడ దించెయ్యాలి. దాటి ముందుకెళ్తే గుంపు దగ్గరికి మూగి నడవడం మొదలెడుతుంది, మరుక్షణం మొత్తం లేచిపోతుంది. వేల పక్షులు ఒక్కసారిగా లేవడం ఫొటోకు బాగుంటుంది, పక్షికి మాత్రం నష్టం. వీటిలో పట్టెతల బాతు లాంటివి ఫిబ్రవరి, మార్చిలో హిమాలయాల మీదుగా తిరుగు ప్రయాణం కట్టాలి. దానికి కావాల్సిన కొవ్వు ఈ మూడు నాలుగు నెలల మేతలోనే పేరుకోవాలి. రోజుకు పదిసార్లు లేపితే తిన్నది రెక్కలకే ఖర్చయిపోతుంది. పక్షుల్ని లేపమని గైడును అడగడం, చప్పట్లు కొట్టడం చేసే బృందాలు ఇప్పటికీ ఉన్నాయి. అడిగినా లేపని గైడే మంచి గైడు.

బైనాక్యులర్ సొంతంగా తెచ్చుకుంటే 8 రెట్లు పెద్దగా చూపే 8×42 చాలు. 10 రెట్లది పడవ ఊపుకు బొమ్మను నిలవనివ్వదు. మంగళజోడికి తెల్లవారగానే బయల్దేరి తొమ్మిది లోపు ముగించడం, లేదా సాయంత్రం మూడున్నర తర్వాత ఎక్కడం మేలు. మధ్యాహ్నం నీటి మీది తళుకుకు పక్షులన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పొగమంచు పడితే తొందరపడి పడవ తీయకూడదు. గడ పడవకు పెద్ద ముప్పు లేదు కానీ మధ్య భాగంలో ఇంజిన్ పడవలు మంచులో వలకట్ల మీదికో, ఎదురు పడవ మీదికో పోతాయి.

మరి రంభ ఎందుకు? రంభకు దానికి తగ్గ కారణాలున్నాయి. కొండలు నీటిలోకి దిగినట్టుండే దక్షిణ భాగంలో రాతి దీవులున్నాయి. కళ్లికోట రాజులు కట్టించిన చిన్న కట్టడం ఉన్న బ్రేక్‌ఫాస్ట్ దీవి, రెట్టలతో రాళ్లు తెల్లబడ్డ పక్షుల దీవి, అన్నిటికన్నా విశేషమైన బడకుద (బార్కుడా) దీవి. 1917లో జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్ ఆ దీవి మీద కాళ్లు లేని ఒక బల్లిజాతి జీవిని గుర్తించి, దీవి పేరు మీదుగానే బార్కుడియా ఇన్సులారిస్ అని పేరు పెట్టారు. మట్టిలో, ఆకుల చెత్త కింద దూరి ఉండే ఆ ప్రాణి మామూలుగా కంటపడదు. కానీ దీవి మీద రాళ్లు తిరగేయడం, చెత్తకు నిప్పు పెట్టి వంట చేయడం ఎందుకు తప్పో చెప్పడానికి అదొక్కటి చాలు. డాల్ఫిన్ మీద ఆశ పెట్టుకోకుండా రంభ పడవ ఎక్కితే, నీటికాకులు, గద్దలు, రాళ్ల మీద ఆగే రేవుపిట్టలు, సాయంత్రం కొండల నీడ, ఇవన్నీ దక్కుతాయి. అఖాతం కొండల చాటున ఉంటుంది కాబట్టి మధ్య భాగం కన్నా అలలు తక్కువ, పెద్దవాళ్లకు అనువు. చేపలను బంధించడానికి వెదుళ్లూ వలలూ పాతి కట్టే ఘెరీలను అధికారులు తొలగించిన తర్వాత ఇటువైపు కూడా అప్పుడప్పుడు డాల్ఫిన్లు కనిపిస్తున్నాయి. అప్పుడప్పుడు మాత్రమే. రంభ రేవులో తెలుగు తెలిసిన పడవవాళ్లు దొరుకుతారు, ఇది గంజాం వైపువాళ్లకు పెద్ద సౌకర్యం.

బర్కుల్ నుంచి కాళీజాయి అమ్మవారి దీవికి వెళ్లేవాళ్లు గాలి సంగతి తెలుసుకోవాలి. మధ్య భాగంలో గాలికి అడ్డు ఏదీ లేదు. చాలాచోట్ల లోతు రెండు మీటర్లలోపే. లోతు తక్కువైన నీటిలో గాలికి లేచే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటిగా వస్తాయి. సముద్రపు అల మీద పడవ ఎక్కి దిగుతుంది, ఇక్కడ మాత్రం దబదబా మోదుకుంటుంది, నీళ్లు లోపలికి చిమ్ముతాయి. మార్చి నుంచి దక్షిణపు గాలి మధ్యాహ్నానికి బలపడుతుంది. కాబట్టి ఎండాకాలం దర్శనం ఉదయమే ముగించుకుని పదకొండులోపు ఒడ్డు చేరాలి. మకర సంక్రాంతి జాతరకు జనం కిక్కిరిసే రోజుల్లో పడవల మీద బరువు ఎక్కువవుతుంది. ఆ రోజుల్లో పక్షులు చూసే పని పెట్టుకోకపోవడమే నయం.

పడవ ఎక్కేముందు చూడాల్సినవి కొన్నే. ఎంతమందిని ఎక్కించాలో పడవ పక్కన రాసి ఉంటుంది, అంతకు మించితే దిగిపోవాలి. అడుగున చెమ్మ ఉండటం మామూలే, చీలమండ మునిగేంత నీరుంటే ఆ పడవ వద్దు. లైఫ్ జాకెట్ తొడుక్కుని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి, అది గడ్డం దాటి లేస్తే బెల్టులు ఇంకా బిగించాలి. పిల్లలకు పెద్దవాళ్ల సైజు ఇస్తే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ తేలుతుంది, పిల్ల జారిపోతుంది. చిన్న సైజు లేకపోతే రేవు మారడమే. గడ, లంగరు, అదనపు డీజిల్ ఉన్నాయా అని అడగాలి. ఇంజిన్ ఆగిపోవడానికి కారణం ఎక్కువసార్లు ఫ్యానుకు చుట్టుకున్న నాచో, తెగిన నైలాన్ వలో. పడవవాడు ఇరుసు పైకెత్తి కత్తితో కోసి తీస్తాడు, పది నిమిషాల పని. ఆ సమయంలో అందరూ కూర్చునే ఉండాలి. అద్దె మనిషికా, పడవకా అన్నది, ఎన్ని గంటలు, ఏయే చోట్లు అన్నది ఎక్కకముందే తేల్చుకోవాలి. సగం దారిలో ఎక్కువ అడిగారన్న గొడవలన్నీ ఇక్కడ తేల్చుకోకపోవడం వల్లే.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే రేవులు మూసేస్తారు. గది అడ్వాన్సు పోతుందని పడవవాడిని బతిమాలడం అతని ప్రాణం మీదికి తేవడమే.

చలికాలంలో రెండు రోజులు చేతిలో ఉన్న గంజాం, శ్రీకాకుళం కుటుంబానికి నప్పేది ఇది: మొదటి రోజు మధ్యాహ్నానికి రంభ చేరి సాయంత్రం దీవులు, రెండో రోజు చీకటితోనే బయల్దేరి మంగళజోడి. డాల్ఫిన్లే కావాలంటే ఆ రెండు రోజులూ సాతపడాకే ఇచ్చి, పూరీతో కలుపుకోవాలి. మూడూ ఒక్క వారాంతంలో ఇరికిస్తే రోడ్డు మీదే కాలం గడుస్తుంది.

ఫిబ్రవరి, మార్చిలో వెళ్లేవాళ్లకు గంజాం జిల్లాలోనే మరొకటి ఉంది, పడవ అక్కర్లేనిది. ఋషికుల్య ముఖం దగ్గర పురుణబంధ, గోఖరకుద, పొదంపేట ఊళ్ల ఇసుక మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. కొన్నేళ్లలో లక్షల్లో వస్తాయి, కొన్నేళ్లు అసలు రావు. తెలుగు మాట్లాడే నోళియా మత్స్యకార కుటుంబాలు ఈ తీరంలో చాలా ఉన్నాయి. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఇక్కడి సముద్రంలో 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం, ఆ భారం మోసేది వాళ్లే. రాత్రిళ్లు అటవీశాఖ సిబ్బందితో, ఊరి వాలంటీర్లతోనే తీరంలోకి వెళ్లాలి. తెల్ల టార్చి, ఫ్లాష్ వాడకూడదు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి కూడా గైడు చేతిలోదే. తాబేలు గుంట తవ్వుతున్నప్పుడు ముందుకు వెళ్తే వదిలేసి సముద్రంలోకి తిరిగిపోతుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక, వెనక వైపు నుంచి, కాస్త ఎడంగా చూడాలి. ఒక్కో గుంటలో వందకు అటూఇటూ గుడ్లుంటాయి. 45 నుంచి 60 రోజులకు పొదుగుతాయి. ఇసుకలోంచి పైకొచ్చిన పిల్లలు వెలుతురున్న దిక్కుకే పాకుతాయి. ఊరి వీధి దీపం, ఆగి ఉన్న కారు హెడ్‌లైటు సముద్రం కన్నా వెలుగుగా ఉంటే అటే వెళ్లి తెల్లారేసరికి కాకులపాలవుతాయి. కారును ఊళ్లోనే ఆపి, లైట్లు ఆర్పి, ఇసుక దాకా నడిచి వెళ్లాలి.